మొదటి పేజీలో బోణీ

గంగులయ్య కొట్టిన దెబ్బకి సుధాకర్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కావలి ట్రంకు రోడ్డు మీద, పట్టపగలు, సొంత ఆఫీసులో! వెబ్‌సైట్లని గూగుల్లో పైకి తెచ్చే వృత్తిలో దెబ్బలు కూడా ఉంటాయని పాపం అతనికి ఏ కోర్సులోనూ చెప్పలేదు.

"ఆర్నెల్లంటావేందిరా? నెల్లూరోడు పది రోజుల్లో తెస్తానన్నాడే!"

"తెచ్చాడా పెద్దాయనా?" నేల మీద నుంచే అడిగాడు సుధాకర్.

"తేలా. చెయ్యి ఇరగ్గొట్టి వచ్చినా."

సుధాకర్ తన చేతులు రెండూ ఒళ్లోకి లాక్కున్నాడు. ఉన్నమాట చెప్తే కొడుతున్నాడు, అబద్ధం చెప్తే విరగ్గొడతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఉన్నమాటే చెప్పాడు. పడవ సామాన్లు అని వెతికితే తామే ముందు కనబడాలని చెన్నై కొట్లవాళ్లు లక్షలు పోస్తున్నారు. వాళ్లతో తలపడితే గంగులయ్య రేవులో ఉన్న తన సామాన్ల షెడ్డు అమ్మినా చాలదు. పైగా కొత్త సైటుని గూగుల్ అంత తొందరగా నమ్మదు. నెలనెలా కొంచెం పెట్టుకుంటూ ఓపిక పట్టాలి.

"బడ్జెట్టంటే మన జేబు చూసుకుని వేసుకునేది పెద్దాయనా. అన్నిటి మీదా పెట్టొద్దు. ఒక్క సరుకు చెప్పండి, దాన్ని పైకి తెద్దాం."

గంగులయ్య సంచిలోంచి ఇత్తడి చక్రం తీసి బల్ల మీదికి విసిరాడు. అది ఎగిరి కంప్యూటర్‌కి తగిలింది. తెర పగిలింది.

"ఇదే."

పాతకాలపు జర్మనీ ఇంజనుకి నీళ్లు తోడే పంపు చక్రమట. సుధాకర్ ఫోనులో చూశాడు. ఆ పేరుతో వెతికే నాథుడే లేడు.

"దీన్ని మొదటి పేజీకి తేవచ్చు. పోటీ లేదు, తక్కువలో అయిపోతుంది. కానీ కొనేవాడేడీ? బూడిదలో పోసిన పన్నీరు కాదా?"

"కొనేవోడి సంగతి నీకెందుకు? నువ్వు తే."

"పోనీ కొరియర్లో పంపుతామని..."

ఈసారి దెబ్బ చెవి మీద పడింది. గుయ్యిమంది.

"కొరియరొద్దు. మనిషి రావాల. పడవేసుకుని మా రేవుకి రావాల. పడవతో వచ్చినోళ్లకి చక్రం ఊరికే బిగిస్తామని రాయి. పెద్దక్షరాల్తో రాయి."

ఊరికే బిగించడానికి నెలనెలా ఖర్చా! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. సుధాకర్ లోపలే అనుకున్నాడు. పైకి అనాలంటే ఇంకో చెవి మిగలాలి కదా.

రెండేళ్ల కిందటి దాకా గంగులయ్య ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదట. తన వలలూ పడవా అమ్మేసి ఈ సామాన్ల షెడ్డు పెట్టినప్పటి నుంచే ఇలా తయారయ్యాడట. రేవులో ఎవర్నడిగినా ఇదే చెప్పారు. వ్యాపారం మనిషిని ఇంత చెడగొడుతుందా అని సుధాకర్‌కి ఒకటే ఆశ్చర్యం.

పని మొదలైంది. ప్రతి సోమవారం గంగులయ్య దిగేవాడు.

"యాడుండాది?"

"నాలుగో పేజీలో."

ప్రింటర్ పోయింది.

"రెండో పేజీలోకి వచ్చింది పెద్దాయనా!"

గాజు తలుపు పోయింది. ఖర్చుల అంచనాలో తలుపులు కూడా రాసుకోవాల్సిందని సుధాకర్ ఏడవలేక నవ్వాడు. ఆఖరికి చక్రం మొదటి పేజీకి, అందులోనూ మొదటి వరసకి ఎక్కింది. గంగులయ్య తెరని వేళ్లతో తడిమాడు. ఎవర్నీ కొట్టలేదు. సుధాకర్‌కి ఆ రోజే ఎక్కువ భయమేసింది.

చేపల వేట నిషేధం ముగిసింది. పడవలు మళ్లీ సముద్రంలోకి దిగాయి. వచ్చే నెల పని మాట్లాడదామని సుధాకర్ రేవుకి వెళ్లాడు. షెడ్డు ముందు కొత్తగా రంగేసిన పడవ ఒకటి ఆగి ఉంది. హమ్మయ్య, బేరం తగిలిందన్నమాట! తలుపు వేసి ఉంది. లోపల కేకలు. తోసుకుని వెళ్లాడు.

ఒక మనిషి నేల మీద పడి ఉన్నాడు. ముక్కూ నోరూ ఏకమై నెత్తురు. అరిగిన ఇత్తడి చక్రం పక్కనే దొర్లుతోంది. గంగులయ్య భార్య అంకాలమ్మ అతని కాళ్లు వలతాడుతో కడుతోంది.

"ఒప్పుకున్నా గదన్నా! ఇంక ఇడువు!"

గంగులయ్య తెడ్డు ఎత్తి వేశాడు. మోకాలి చిప్ప పగిలింది. బేరం ఒప్పుకున్నాక కూడా కొట్టడమేమిటి! సుధాకర్ ఉరికి అడ్డం పడ్డాడు. తెడ్డు అతని భుజాన్నీ చీల్చింది.

"చచ్చిపోతాడు, ఆపండి! ఇన్నాళ్లకి వచ్చిన బోణీ బేరం పెద్దాయనా! ఇతన్నే చంపేస్తే ఇంకొకడు వస్తాడా మన కొట్టుకి?"

గంగులయ్య రొప్పుతూ నిలబడ్డాడు. చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి.

అంకాలమ్మ ముడి బిగించి, తలెత్తకుండానే చెప్పింది.

"ఇంకొకడు రాడులే నాయనా, రెండేళ్ల నాడు తల పగిలి మా కొడుకు పెంచల్‌బిడ్డ ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు గానీ వాడి పడవ రాలా, ఈ ఇంజనుండే పడవ ఈ తీరం మొత్తానికీ అదొక్కటే."