అత్తగారి వైపు

“పోయినేడు ఆగస్టు మూడు. అరవోళ్ల ఆడి నెల పద్దెనిమిదో నాటి పండగ. పక్కింటోళ్లు పులిహోర, పెరుగన్నం తెచ్చిచ్చినారు. నా పెండ్లాం మంగళ పెరుగన్నం రెండు ముద్దలు తినింది. సాయంత్రానికి పోయింది,” అన్నాడు పట్టాభి, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

నర్సింగ్ కాలేజీ ప్రొఫెసర్ అర్చిత వంశవృక్షం గీస్తున్న కాగితం మీద ఒక సున్నాను నల్లగా నింపింది. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు గడి. జబ్బు వచ్చినవాళ్లకు నలుపు. రొమ్ము క్యాన్సర్ వంశంలో దిగుతోందేమో చూసే జన్యుపరీక్షను పేదవాళ్లకు ఉచితంగా అందించాలని ఆమె ఉప్పళం సందుల్లో ఇల్లిల్లూ తిరుగుతోంది. ప్రస్తుతానికి ఇంటికి ఒక్కరికే.

“ఇంకెవరికైనా వచ్చిందా అయ్యా?”

“మా అత్తకి. జయలక్ష్మమ్మ.” మంగళ పటం పక్కనున్న పటం చూపించాడు. “చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి.”

ఇంకో సున్నా నల్లబడింది.

“మీ వైపు?”

“మా ఇంట్లో ఎవురికీ లేదమ్మా. తమ్ముడొకడు, సేదరపేట్ ఫ్యాక్టరీలో ఉండాడు. గుండ్రాయి మాదిరి!”

అర్చిత నవ్వింది. ఆయన వైపు గడులు తెల్లగానే మిగిలాయి.

పట్టాభి చొక్కా కింద, ఎడమ ఛాతీలో, చింతగింజంత గడ్డ ఉంది. నాలుగు నెలలైంది. చెబితే ఆ ఒక్క పరీక్షా తనకే పోతుందేమో, కూతురికి మిగలదేమో.

“మొగోళ్లకి కూడా చేస్తారా?”

“చేస్తాం. అరుదుగా వాళ్లకూ వస్తుంది. కానీ ఇది మీ అత్తగారి వైపు జబ్బు. మీకు భయం లేదు.”

ఆయన చెయ్యి చొక్కా మీంచి జారింది.

“అయితే మా కీర్తికకి చెయ్యండమ్మా. కిరుమాంబాక్కంలో ఇచ్చినాం. పెళ్లి చేసి ఇచ్చేస్తే ఆ ఇంటి మనిషే గదా, మా లెక్కలోకి వస్తాదా?”

“రక్తం ఇంటిపేరు చూడదయ్యా. రేపే వెళ్తాను.”

ఏడాదిగా మొద్దుబారిన మనసుకు ఆ మాట చాలింది. వెళ్లేముందు ఆమె తను తాగిన టీ గ్లాసు తనే కడిగి బోర్లించింది. అదీ చూశాడు.

చీకటి పడింది. పట్టాభి తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టాడు.

“కీర్తికకి చేస్తారంట,” అన్నాడు జయలక్ష్మమ్మ పటంతో.

ఆమె ఆయనకు తోడబుట్టిన అక్క.