సీసా అడుగు మందు

"గిన్నె అడుగున ఉన్న గరిటెడు గోంగూర పప్పు పారబోస్తారా? చేతులెలా వచ్చాయండీ?" అని హైమావతి భర్త మీద లేచింది.

"పప్పే కదే, అమృతమేం కాదుగా!" అన్నాడు శేషగిరి.

ఆమె విసురుగా వచ్చి పనికి కూర్చుంది. నలభై దాటిన వాళ్లందరికీ వీధి క్లినిక్కులో ఆర్నెల్లకోసారి గుండెజబ్బు రాకుండా సూది మందు వేసే రోజులవి. ఆ బిల్లులను బీమా కంపెనీ తరఫున హైమావతి ఇంటినుంచే సరిచూస్తుంది. సీసాలో మిగిలిన మందును కెమెరా ముందు పారబోస్తేనే బిల్లు పాసవుతుంది. నిన్న నర్సు ఎస్తేరు పారబోయలేదు. హైమావతి ఒక్క మాటైనా అడక్కుండా "మందు దొంగిలించారు" అని రాసింది. సాయంత్రానికల్లా ఎస్తేరు ఉద్యోగం పోయింది.

ఇప్పుడు ఆమె సంజాయిషీ వచ్చింది. "మూడు సీసాల్లో మిగిలింది కలిపి, బీమా కార్డు లేని, మొక్కజొన్న పొత్తులమ్ముకునే కామాక్షికి వేశానండీ. పారబోయడానికి చేతులు రాలేదు."

హైమావతి ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అడిగింది. "ఏమ్మా, ముద్ద దిగట్లేదా?"

"ఒక మనిషిని ఊరికే దొంగను చేశాను అత్తయ్యా. తప్పు నాదేనని రేపు పైవాళ్లకు రాసిస్తాను."

"మరి నీ ఉద్యోగం?" అన్నాడు శేషగిరి.

"పోతే పోనీండి. ఉంటే మాత్రం, మందు పారబోయలేదని ఇక ఏ బిల్లూ ఆపను."