కింద నుంచి మాట

అంబాజీపేట అవతల పీచు మిల్లు పగలు ఆగదు. అందుకే సోలార్ కేబుల్‌ను మెయిన్ లైనులో కలపడానికి నూకరాజు రాత్రి నిచ్చెనెక్కాడు. కింద బోర్డు గదిలో కాంట్రాక్టరు ధర్మారావు కరెంటు తీసి, తీశానని కేకెయ్యాలి. పైవాడి ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉంటుంది.

పోయిన నెల ఇదే నిచ్చెన మీద నూకరాజు బావమరిది దుర్గారావు చచ్చిపోయాడు. తీశానని చెప్పి లైను తీయనివాడు ధర్మారావే. తాగి ఎక్కాడని కాగితం రాయించాడు. దుర్గారావు చుక్క ముట్టడని తెలిసీ, పని పోతుందని నూకరాజు సాక్షి సంతకం పెట్టాడు.

"లైను తీసేరాండీ?" నూకరాజు అరిచాడు.

"ఆయ్, తీసేసేనండి."

నూకరాజు చెయ్యి ఆగింది. ధర్మారావు పనివాళ్లను ఏనాడూ అండీ అనలేదు. టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

జేబులో ఫోను మోగింది. ధర్మారావు.

"ఒరే రాజూ, టీకని సెంటరుకొచ్చేను. బోర్డు గదికి తాళం వేసేను. లైను తియ్యలేదు, ఏదీ ముట్టుకోకు."

ఫోను ఆగాక మిల్లులో చడీచప్పుడూ లేదు. తర్వాత తాళం వేసిన గదిలోంచి ఎంతో ఆప్యాయంగా మాట వచ్చింది.

"ముట్టుకోండి బావగారూ. నా మీద నమ్మకం లేదాండీ?"