ఐదో కుర్చీ

కమిటీ గదిలో ఐదు కుర్చీలు. నెలకోసారి నాలుగు నిండుతాయి. ఐదోది ఎప్పుడూ ఖాళీయే. అయినా ఆయమ్మ దాన్నీ తుడుస్తుంది. మనిషి కూర్చోనంత మాత్రాన దుమ్ము కూర్చోకుండా ఉంటుందా?

ఆ ఆఫీసులో ఆమెకు ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఊడుస్తుంది, కడుగుతుంది, టీ అందిస్తుంది. మరుగుదొడ్ల కంపు ఆమెను ఏనాడూ ఏమీ చేయలేదు. ఈ గదిలోకి వస్తేనే ఊపిరాడదు. ఇక్కడ సెంటు కొట్టుకున్నవాళ్ళు కూర్చుంటారు మరి.

గోడకు అద్దం బిగించిన పెద్ద బోర్డు ఉంది. "పేట కమిటీలో అన్ని వర్గాలకూ చోటు" అని రాసి ఉందని గుమాస్తా ఒకసారి చదివి వినిపించాడు. గుమాస్తా నెమ్మదైనవాడే గాని మహా పిసినారి. నెలకు అర సీసా ఫినాయిల్ ఇస్తాడు, దానికీ సంతకం పెట్టించుకుంటాడు.

ఆ రోజు ఆమె టీ కప్పులతో లోపలికి వెళ్ళేసరికి చైర్మన్ మాట్లాడుతున్నాడు.

"బజారు చెత్తంతా వెనక వీధికి మార్చేస్తున్నాం. రేపటి నుంచే."

"మంచి పని," అన్నాడు మార్బుల్ షాపు యజమాని. చెత్తకుప్ప ఇప్పుడు అతని షాపు ఎదురుగానే ఉంది. రిటైర్డ్ హెడ్మాస్టరు తలూపాడు. మహిళా సంఘం అధ్యక్షురాలు చెత్త అన్న మాటకే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

ఆయమ్మ ఉండేది వెనక వీధిలోనే. కప్పులు ట్రేలోనే ఉండిపోయాయి.

"అయ్యా, అక్కడ అరవై ఇళ్ళున్నాయి. పసిపిల్లలున్నారు. నా మనవరాలికి ఇప్పటికే ఆయాసం. నాలుగడుగులు వేస్తే రొప్పుతుంది. ఆ కంపులో అది బతుకుతుందా?"

చైర్మన్‌కు కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మేమేమన్నా మా ఇష్టమొచ్చినట్టు చేస్తామా ఆయమ్మా? మీ వీధి మనిషి ఒకరు కమిటీలో ఉండాలని రూలు. ఉంది. ఆవిడ ఒప్పుకోకుండా మీ వీధిలో గడ్డిపోచ కూడా వేయలేం. పోయిన నెలే ఒప్పుకుని సంతకం పెట్టింది."

"మా వీధి మనిషా?"

అరవై గుమ్మాలూ మనసులోనే ఎక్కి దిగింది ఆయమ్మ. మూలింటి దర్జీ భార్యా? ఛ, మెతక మనిషి. మేస్త్రి పెళ్ళామా? నోరు పెద్దదే గాని ఇంత నీచానికి దిగదు.

"ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే చస్తున్నాను. ఆ మహాతల్లి ఎప్పుడూ కనబడలేదే?"

"మేం వెళ్ళాక వచ్చి సంతకం పెట్టి పోతుందట. పని చేసుకునే మనిషి, మనమే సర్దుకుపోవాలి," అన్నాడు చైర్మన్ పెద్దమనసుతో. గుమాస్తా కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

ఆయమ్మకు ఈ నలుగురి మీద అసహ్యం పాతదే, అది అలవాటైపోయింది. కానీ తన వీధి నీళ్ళు తాగుతూ తన వీధి పిల్లల నోట్లో చెత్త పోసిన ఆ ఆడదాన్ని తలుచుకుంటేనే ఉమ్మేయాలనిపించింది.

"అది అన్నం తింటోందా, గడ్డి తింటోందా? దేనికి అమ్ముడుపోయిందో కనుక్కోండయ్యా."

హెడ్మాస్టరు నవ్వాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా."

"నేను పడతా. పేరు చెప్పండి. దాని గుమ్మం ముందు నిలబడి నలుగురిలో కడిగేస్తా."

"అరుపులెందుకు? ఆవిడనే ఈ గదిలోకొచ్చి ఒక్కమాట వద్దనమను. ఆ క్షణమే తీర్మానం కొట్టేస్తాను. రూలంటే రూలే. ఏమంటారు మాస్టారూ?" అన్నాడు చైర్మన్.

నలుగురూ అవునన్నారు. అంత తొందరగా వాళ్ళు ఏ మాటకూ ఒప్పుకోరు.

"పేరు చెప్పండి," అంది ఆయమ్మ మళ్ళీ.

"ఏదో ఉంది, గుర్తుండి చావదు. ఏమయ్యా, ఆ తీర్మానాల పుస్తకం చూపించు."

"ఆయమ్మకి చదువు రాదండి," అన్నాడు గుమాస్తా. "నేను తర్వాత నెమ్మదిగా చెబుతాలెండి."

"రాకపోతే మరీ మంచిది. చూసి నోరు మూసుకుంటుంది."

గుమాస్తా పుస్తకాన్ని చంకలో బిగించుకున్నాడు. చైర్మన్ విసుగ్గా లాక్కుని, పేజీ తీసి, బల్ల మీద ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో, ఐదో గడి. చూసి తరించు."

ఆయమ్మ ట్రే పక్కన పెట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఒంగి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తేసరికి గుమాస్తా ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఆమె ఐదో కుర్చీ ముందుకు లాగి కూర్చుంది.

"ఏయ్, అక్కడ కూర్చుంటావేంటి?" అన్నాడు మార్బుల్ షాపు యజమాని.

"వద్దు," అంది ఆయమ్మ చైర్మన్‌తో. "మా వీధికి చెత్త వద్దు. ఇక కొట్టేయండి మీ తీర్మానం."

చదువు రాని ఆయమ్మకు ఈ లోకంలో వచ్చినవి నాలుగే అక్షరాలు, అర సీసా ఫినాయిల్ కోసం నెలనెలా గుమాస్తా పెట్టించుకునే సంతకంలోవి. ఐదో గడిలో ఉన్నవీ ఆ నాలుగే.