ఏకగ్రీవం

విశాఖపట్నం నుంచి పెద్ద వకీలు సత్యమూర్తి గోండుల అడవుల మధ్యనున్న బీజాపూర్ వచ్చాడు. ఏ దేశంలో యుద్ధ నేరం చేసినవాడినైనా మన కోర్టుల్లోనే విచారించేలా చట్టం రావాలని ఆయన ఊరూరా సభలు పెడుతున్నాడు. ఈ సభ ఖర్చు గని కంపెనీది. అందుకే కంపెనీ భద్రతాధికారి అప్పారావు ఆయన పక్కనే కూర్చున్నాడు. వకీలు దండకంటే అతని దండ లావు.

కంపెనీ జీపుల్లో తెచ్చిన అడవి ఊళ్లవాళ్లు నేల మీద కూర్చున్నారు. వాళ్లకు గోండి తప్ప మరొకటి రాదు. వేదిక మీదున్న ఇద్దరికీ గోండి రాదు. ఆ మాటా ఈ మాటా కలపడానికి భీమేను పిలిపించారు. ఆ అడవి ఊళ్లలోనే, చింతలనార్ దగ్గర పుట్టిన పిల్ల, నర్సు.

సభ మొదలుకాకముందే, ఎదురుగా వీడియో కెమెరా బిగిస్తుండగా ఆమె వకీలును అడిగింది.

"సార్, ఈ చట్టం మన దగ్గర జరిగినవాటికి పనికొస్తదా?"

"ఇది విదేశాల సంగతమ్మా. ఇక్కడివాటికి పోలీస్ స్టేషన్ ఉంది కదా."

"స్టేషనోళ్లు రాసుకోకపోతే ఏంది సార్?"

సత్యమూర్తి గడియారం చూసుకున్నాడు.

"మరి ఈ వీడియో ఏడికి పోతది?"

ఆ ప్రశ్న ఆయనకు నచ్చింది. "ఢిల్లీకి. అక్కణ్ణుంచి విదేశీ న్యాయమూర్తులకు. మీవాళ్ల మొహాలు ప్రపంచమంతా చూస్తుంది."

సముద్రాల అవతల కాలిన ఊళ్ల గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. యుద్ధం ఎంత దూరానిదైతే ఆయన గొంతు అంత గట్టిగా లేచింది. "సాక్షి భయపడకూడదు. నేరస్తుడి ఎదుటే నిలబడి చెప్పాలి" అని బల్ల గుద్దాడు. అప్పారావు తలూపాడు. భీమే గోండిలో చెబుతూ పోయింది.

ముందు వరసలో ముసలి హిడ్మే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పరాయి దేశపు కష్టానికి ఇంతగా కరిగిపోతున్నారంటే తన మాటల్లో ఎంత బలముందో అని వకీలు మురిసిపోయాడు.

"ఈ చట్టం కావాలనేవాళ్లు చేతులెత్తండి" అని ముగించాడు.

భీమే కెమెరా తిరుగుతోందో లేదో చూసుకుంది. తర్వాత గోండిలో అడిగింది. అందరి చూపూ వేదిక మీదికి పోయింది. మొదట హిడ్మే చెయ్యెత్తింది. ఆమె వెనక ఇద్దరు. ఆ తర్వాత అందరూ.

"చూశారా, ఒక్కరైనా కాదనలేదు" అన్నాడు సత్యమూర్తి. అప్పారావు కూడా నవ్వుతూ చెయ్యి పైకెత్తాడు. కెమెరా అతని మొహం మీదికి వచ్చి ఆగింది.

ఆ వీడియో విదేశం చేరి, అక్కడి న్యాయమూర్తులకు గోండి తెలిసిన మనిషి దొరికాక గానీ, భీమే అడిగింది ఏమిటో వకీలుకు తెలియలేదు: "మన ఊళ్లు తగలబెట్టించింది ఈ వకీలు పక్కన కూసున్నోడే అని కళ్లారా చూసినోళ్లు చెయ్యెత్తండి."