మింగించని అయస్కాంతం

“చూడి బర్రెకు ఇనుము మింగిస్తవా? నీకేమన్న పిచ్చా?” ద్వాలి గుడ్లురిమింది.

చండ్రుగొండ దగ్గరి ఆ తండాకు మోపెడ్ మీద వచ్చిన ముసలాయన చేతిలో వేలెడంత అయస్కాంతం ఉంది.

“కడుపుల పడి ఉంటది తల్లీ, అంతే. మేతల తీగముక్క పోతే పట్టుకుంటది.”

ఆయన జేబులోంచి దిక్సూచి తీశాడు. అయస్కాంతాన్ని పిడికిట్లో మూసి దగ్గరకు తెచ్చాడు. ముల్లు గిర్రున తిరిగింది.

“చూసినవా? నడుమ చెయ్యి అడ్డమున్నా దీని గుంజుడు ఆగలే. కడుపుల ఉన్నా గిట్లనే.”

ద్వాలి మెత్తబడలేదు. పక్కన పామాయిల్ తోటకు కంచె వేసినప్పటి నుంచి గడ్డిలో తీగముక్కలు వస్తూనే ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్కటే ఏరి పారేసే మనిషి ఆమె. అలాంటిది చేతులారా ఇనుము మింగించడమా! ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ బర్రె ఒక్కటే.

“ఏ డిపార్ట్‌మెంటు సారూ?” ఆమె భర్త మంగీలాల్ అడిగాడు.

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు.

“ఏదీ కాదు బిడ్డా.”

“కార్డన్న ఉన్నదా?”

“లేదు.”

“అయితే జల్దీ బండెక్కు.”

ఆయన అయస్కాంతం జేబులో వేసుకుని మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే బర్రె మేత మానేసింది. నడుం వంచి నిలబడే ఉంది. పడుకుందామన్నా పడుకోలేకపోతోంది.

పశువుల దవాఖానా నుంచి డాక్టర్ దీపిక వచ్చింది. ముందుకాళ్ల నడుమ నొక్కగానే బర్రె మూలిగింది.

“తీగ మింగింది. కడుపు చీల్చుకొని గుండె దాకా పోయింది.”

ద్వాలి ఆమె చేతులు పట్టుకుంది.

“అయస్కాంతం ఎయ్యి మేడమ్! ఎంత పెద్దదైనా సరే ఎయ్యి!”

“ముందే వేసుంటే తీగ కడుపులోనే దానికి అతుక్కునేది. ఇప్పుడు దాటిపోయింది. అయస్కాంతం గుంజుడు దగ్గరికే ద్వాలీ, జానెడు ఎడమైతే అందదు.”

“దూడనన్న తియ్యి.”

“నెలలు నిండలే.”

బర్రె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ద్వాలి దాని మెడ నిమురుతూ కూర్చుంది. అంతకు మించి ఆమె చేయగలిగింది లేదు.

“మోపెడ్ మీద ఒకాయన వచ్చిండు మేడమ్. మేమే ఎల్లగొట్టినం,” మంగీలాల్ అన్నాడు. “ఎవరాయన?”

దీపిక చేతులు కడుక్కుంటూ చెప్పింది.

“పిచ్చయ్య. మా దవాఖానాల అటెండరు చేసి రిటైరైండు. తీగ తిని చచ్చిన పశువుల కడుపులు ముప్పై ఏండ్లు కోసిన చేతులు ఆయనవి; ఆ సంగతి తెలిస్తే బతికున్న బర్రెను ముట్టనియ్యరని ఎక్కడా చెప్పుకోడు.”