షేడ్‌నెట్ కింద తెల్లచీర

మొక్కల మీద నీడకి కట్టిన షేడ్‌నెట్ కింద, మామిడి అంట్ల వరసల మధ్య, తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి ఒకతె ఉరికి వేలాడుతోంది.

ముందు చూసింది పావని. ఆమె పెట్టిన కేకకి, వెనకే వస్తున్న ఆడకూలీలంతా క్యారేజీలు వదిలేసి గేటు బయటికి పరుగెత్తారు. నర్సరీ యజమానురాలు రామతులసి మాత్రం లోపలికి పరుగెత్తింది. దగ్గరికి వెళ్తే గాని తెలియలేదు, అది మనిషి కాదని. చీర లోపల కుక్కింది కొబ్బరిపీచు. తలకి తగిలించిన సవరం మోకాళ్ళ దాకా విరబోసి ఉంది. కాళ్ళుండాల్సిన చోట రెండు గజ్జెలు గాలికి ఘల్లుమంటున్నాయి.

"బొమ్మేనర్రా! రండి!" అని అరిచింది.

ఒక్కరూ కదల్లేదు.

"ఆయ్, బొమ్మేనండి. మరి అర్ధరాత్రి తెచ్చి కట్టిందెవరండి?" గేటవతల నుంచే అంది పావని. "మొన్నాదివారం టీవీలో వచ్చిన పాత సినిమాలో దెయ్యం అచ్చం ఇలాగే ఉందండి. ఆ చీరే, ఆ జుట్టే, ఆ గజ్జెలే. మేం రామండి బాబూ!"

గేటు ముందు లారీ ఆగి ఉంది. మధ్యాహ్నం రెండింటికల్లా నాలుగు వేల అంట్లు ఎక్కించాలి. మూడేళ్ళు వెంటపడితే నాగపూర్ పార్టీ ఇచ్చిన మొదటి ఆర్డరు. లారీ ఖాళీగా తిరిగెళితే కడియం నర్సరీల్లో రామతులసి మాటకి విలువుండదు.

ఇంతలో పక్క నర్సరీ వెంకటరాజు బండి దిగాడు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటలు అమ్ముకుని రెండేళ్ళ కిందటే ఇక్కడికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ రామతులసి స్థలం మీదే అతని కన్ను.

"నేనప్పుడే చెప్పాను కదండీ తులసిగారూ, ఆడవాళ్ళకి ఈ వ్యాపారం పడదని. స్థలం నాకిచ్చేసి హాయిగా ఇంటిపట్టున ఉండండి. లారీ గురించి బెంగెట్టుకోకండి, నా మొక్కలు ఎక్కించేస్తాను."

"దెయ్యం ఇంకా దిగనే లేదు, మీరు దిగిపోయారే రాజుగారూ!"

నర్సరీలో అంట్లు కట్టే భర్త గణేష్‌బాబు వచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు. "నువ్వింటికెళ్ళు తులసీ. చేతులెలా వణుకుతున్నాయో చూడు. ఇదంతా నేను చూసుకుంటాగా."

"వణుకుతున్నవి మీ చేతులండీ," అని, ఆమె గేటు దగ్గరికి నడిచింది.

"పావనీ, ఇన్ని దెయ్యం సినిమాలు చూశావు కదా. మగదెయ్యం ఎక్కడైనా కనిపించిందా?"

పావని ఆలోచించింది. "లేదండి. చచ్చాక కూడా చాకిరీ చెయ్యాల్సింది ఆడదేగా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది కాదే. ఆ సినిమాలు తీసింది మగాళ్ళు. జుట్టు ముడెయ్యకుండా, ఎవరి తోడూ లేకుండా, పాట పాడుకుంటూ ఇష్టమొచ్చిన చోటికి పోయే ఆడది. వాళ్ళకి అంతకన్నా భయం ఇంకేముంది? ఇక తెల్లచీరంటావా? మొగుడు పోయినదాన్ని చూస్తే ఊరికే దడ. మీ అమ్మ ఎదురొస్తే ఈ వీధిలో ఎంతమంది వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయేవాళ్ళో మర్చిపోయావా?"

పావని ముఖంలో నవ్వు మాయమైంది. "ఎలా మర్చిపోతానండి?" అంది. గేటు తోసుకుని మొదట లోపలికొచ్చింది ఆమే.

రామతులసి ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కింది. మెడ దగ్గర కట్టు విప్పబోయి ఒక్క క్షణం ఆగింది. కింది నుంచి పైకి, చుట్టు మీద చుట్టు, వేలుపట్టేంత సందు లేకుండా, అంట్లకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంది. కత్తితో కోసి బొమ్మని దించింది. తెల్లచీర లాగి తన చీర మీదే చుట్టుకుంది. కొప్పు ఊడదీసి జుట్టు వీపు మీదికి వదిలింది.

"ఇదిగో, దెయ్యం లోడింగుకి దిగింది. జడిసేవాళ్ళు ఇంటికి పోవచ్చు!"

పావని కూడా జడ విప్పేసింది. తర్వాత ఇంకొకతె. నవ్వుకుంటూ, కేకలు పెట్టుకుంటూ అందరూ లోపలికొచ్చి పడ్డారు.

"ఏం సామ్యేలూ, దెయ్యాలు నింపిన లారీ తోలతావా?" అని అడిగింది రామతులసి.

"నాగపూర్ దాకా వెనక్కి తిరిగి చూడనులే అమ్మా!" అన్నాడు డ్రైవరు.

జుట్లు విరబోసుకున్న పన్నెండు మంది ఆడవాళ్ళు ట్రేలెత్తుకుని ఎదురొస్తుంటే వెంకటరాజు బండెక్కి వెళ్ళిపోయాడు. రెండు కాకముందే లారీ కదిలింది.

"చూశావా? మనం పోలీసు రిపోర్టు ఇవ్వాల్సిందే," అన్నాడు గణేష్‌బాబు. "అంతా ఆ రాజుగాడి పనే."

"రాజుగారు జన్మలో అంటు కట్టి ఎరగరు." రామతులసి కోసి ఉంచిన పట్టీని అతని అరచేతిలో పెట్టింది. "వాననీళ్ళు దిగకుండా ఉరితాడుకి కూడా ఇంత పద్ధతిగా అంటుకట్టు కట్టిన చెయ్యి మీది. నాతో కాపురం చేస్తూ ఆయనకి అమ్ముడుపోయారా?"

గణేష్‌బాబు తల దించుకున్నాడు.

"ఒట్టు, రాజుతో నాకేం సంబంధం లేదు. లారీ రేపనుకున్నాను. నేనే కట్టాను తులసీ. తెల్లారకుండా వచ్చి ఆ నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చున్నాను. పాముని నువ్వే కొట్టావు, దొంగని నువ్వే తరిమావు. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నువ్వు 'ఏవండీ!' అని జడుసుకుని అరిస్తే, పరుగెత్తుకొచ్చి నిన్ను కాపాడదామని!"